రిపోర్టులో పొగ... ఒంట్లో ఏ మూలో సెగ!

షుగరు రోగుల రక్తపరీక్షల్లో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, ఫెర్రిటిన్ పెరిగి కనిపిస్తే ఏమిటర్థం? గుండెకీ కిడ్నీకీ కాలికీ ముప్పు ముంచుకొస్తోందనా... లేక మొన్నటి జలుబు ఇంకా తగ్గలేదనా?

కొవిడ్ కాలం తెలుగిళ్లకు చాలా మాటలు నేర్పింది. సీఆర్‌పీ, డి-డైమర్, ఫెర్రిటిన్, ఐఎల్-6... అంతకుముందు డాక్టర్లూ ల్యాబు సిబ్బందీ తప్ప ఎవరూ పలకని పేర్లు 2020, 2021 సంవత్సరాల్లో వంటింటి మాటలైపోయాయి. ల్యాబు నుంచి ఫోనుకొచ్చే రిపోర్టు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూడటం, 'సీఆర్‌పీ తొంభై దాటిందట' అని పక్కగదిలోకెళ్లి గుసగుసగా చెప్పుకోవడం... చాలా కుటుంబాలకు ఆ రోజులింకా కళ్లముందే ఉన్నాయి.

ఆ ఉద్ధృతి పోయింది. పరీక్షలు మిగిలాయి. 'ఫుల్ బాడీ చెకప్' పేరుతో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ప్యాకేజీల్లో ఇప్పుడివీ చేరిపోయాయి. పదిహేనేళ్లుగా షుగరున్న పెద్దాయన పరగడుపున రక్తమిస్తారు. సాయంత్రానికి పది పేజీల రిపోర్టు వస్తుంది. హెచ్‌బీఏ1సీ ఏడుకు కాస్త అటూఇటూగా ఉంది, ఫర్వాలేదు. కానీ నాలుగో పేజీలో 'హెచ్ఎస్-సీఆర్‌పీ 4.6' అనీ, పక్కనే 'హై' అనీ నల్లటి అక్షరాల్లో ఉంటుంది. ఇక ఆ రాత్రి ఎవరికీ నిద్రుండదు. కొడుకు ఇంటర్నెట్‌లో వెతుకుతాడు. గుండెపోటు, కిడ్నీ వైఫల్యం, పక్షవాతం... చదివినకొద్దీ భయం పెరుగుతుంది.

అందులో నిజం లేకపోలేదు. టైప్-2 మధుమేహానికీ, ఒంట్లో నివురుగప్పిన నిప్పులా ఉండే వాపు ప్రక్రియకీ దగ్గరి చుట్టరికమే ఉంది. అయితే ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలుసుకోకపోతే రెండు రకాలుగానూ నష్టమే. అనవసరంగా హడలిపోవడం ఒకటి. అంతకంటే ప్రమాదం... ఆ అంకె బాగుందని అసలు పరీక్షలు మానేయడం!

న్యుమోనియా వార్డులో పుట్టిన పేరు

కాలికి ముల్లు గుచ్చుకుంటే చుట్టూ ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. అది శరీరం చేసే యుద్ధం. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే. యుద్ధం మొదలైందని రక్తంలోకి కొన్ని కబుర్లు వెళ్తాయి. అవి కాలేయానికి చేరగానే అది కొన్ని ప్రొటీన్లను గబగబా తయారుచేసి వదులుతుంది. వాటిలో ముఖ్యమైంది సీఆర్‌పీ... అంటే సి-రియాక్టివ్ ప్రొటీన్.

దీన్ని 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు కనిపెట్టారు. అప్పటికి యాంటీబయాటిక్స్ రాలేదు. న్యుమోనియా వస్తే బతకడం అదృష్టమే. ఆ రోగుల రక్తరసంలో ఏదో పదార్థం... న్యుమోనియా క్రిమిలోని 'సి' అనే భాగంతో కలిసి తెల్లగా గడ్డకడుతోందని గమనించారు. జబ్బు తగ్గగానే ఆ పదార్థమూ మాయం. పేరులోని 'సి' అక్కణ్నుంచి వచ్చిందే.

పెద్ద ఇన్ఫెక్షన్ వస్తే సీఆర్‌పీ వందల రెట్లు పెరుగుతుంది. కొవిడ్‌లో చూసిన అంకెలు అవే. తగ్గడమూ అంతే వేగం. తయారీ ఆగిపోతే రక్తంలో ఉన్నది సుమారు 19 గంటల్లో సగానికి పడిపోతుంది.

దీనికంటే పాతది, మన పల్లెటూరి ల్యాబుల్లోనూ చేసేది ఈఎస్‌ఆర్. సన్నటి గొట్టంలో రక్తం పోసి నిలబెడితే గంటలో ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో చూడటమే. 1897లో పోలెండు వైద్యుడు బియర్నాత్‌స్కీ దీన్ని వివరించాడు. 1918లో స్వీడన్‌కి చెందిన ఫారెయస్ దీన్ని గర్భనిర్ధారణకు వాడొచ్చేమో అనుకున్నాడు. అది కుదరలేదు గానీ వందేళ్లు దాటినా ఆ గొట్టం ల్యాబుల్లోంచి పోలేదు.

మరి హెచ్ఎస్-సీఆర్‌పీ? ప్రొటీన్ అదే. కొలిచే తీరు సున్నితం. ఇన్ఫెక్షన్ లేని మనిషిలో ఒకటి, రెండు, మూడు... ఇలా చిన్న తేడాల్ని కూడా పట్టుకుంటుంది. లీటరు రక్తంలో 1 మిల్లీగ్రాము లోపుంటే గుండెజబ్బు ముప్పు తక్కువ, 1 నుంచి 3 అయితే మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని 2003లో అమెరికా నిపుణులు గీత గీశారు. 10 దాటితే గుండె సంగతి పక్కనపెట్టి ముందు ఒంట్లో ఇన్ఫెక్షన్ ఎక్కడుందో వెతకమన్నారు.

బొజ్జలో కుంపటి

మధుమేహానికీ ఈ నిప్పుకీ సంబంధం ఉందన్న అనుమానం నిన్నమొన్నటిది కాదు. 1901లో మాంచెస్టర్‌లో విలియమ్సన్ అనే డాక్టరు సోడియం శాలిసిలేట్ అనే మందుని షుగరు రోగులకిచ్చి చూశాడు. ఆస్పిరిన్‌కి దగ్గరి బంధువది. కీళ్ల వాపులకు ఇచ్చేవారు. దాంతో కొందరి మూత్రంలో చక్కెర బాగా తగ్గిపోయింది! ఎందుకో ఎవరికీ తెలియలేదు. కొన్నేళ్లకు ఇన్సులిన్ వచ్చింది. ఈ సంగతి మూలన పడిపోయింది.

తొంభై ఏళ్లకు తీగ మళ్లీ దొరికింది. 1993లో అమెరికాలో హోతామిష్లిగిల్, స్పీగెల్‌మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వును పరీక్షించింది. అందులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే రసాయనం దండిగా ఉంది. క్రిములతో పోరాడేటప్పుడు రక్షణ కణాలు విడుదల చేసేది... కొవ్వులో ఎందుకుందీ? దాన్ని అడ్డుకుంటే ఆ ఎలుకల్లో ఇన్సులిన్ మళ్లీ బాగా పనిచేసింది. అప్పటిదాకా కొవ్వంటే గోతంలో దాచిన బియ్యంలాంటిదనుకునేవారు. కాదు, అదీ ఒక గ్రంథిలాంటిదే, రక్తంలోకి రసాయనాలు పంపుతుందని తేలింది. 2003లో మరో రెండు బృందాలు ఇంకో సంగతి చూశాయి. ఒళ్లు పెరిగినకొద్దీ కొవ్వు కణాల మధ్యకు మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు గుంపులుగా చేరుతున్నాయి. యుద్ధం లేని చోట సైన్యం మకాం వేసినట్టు! అవి అక్కడుండి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 వంటి వాటిని వదులుతూనే ఉంటాయి. ఐఎల్-6 కాలేయానికి చేరుతుంది. కాలేయం సీఆర్‌పీ చేస్తుంది. రిపోర్టులో కనిపించే 4.6 వెనకున్న కథ చాలామందిలో ఇదే.

అంటే షుగరొచ్చాక నిప్పు రాజుకుంటుందా, నిప్పు రాజుకున్నాకే షుగరొస్తుందా? 2001లో వెలువడిన అమెరికా మహిళల అధ్యయనం దీనికి కొంత జవాబు చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాళ్ల రక్తం తీసి దాచారు. తర్వాత నాలుగేళ్లలో షుగరొచ్చిన 188 మందినీ, రాని 362 మందినీ పోల్చారు. సీఆర్‌పీ బాగా ఎక్కువున్న వాళ్లకు, బాగా తక్కువున్న వాళ్లకంటే షుగరు ముప్పు... బరువు లాంటివన్నీ లెక్కలోంచి తీసేశాక కూడా నాలుగు రెట్లు. అంటే చక్కెర పెరగడానికి ముందే పొగ మొదలైంది.

తర్వాతిది రెండువైపులా సాగే వ్యవహారం. చక్కెర ఎక్కువైతే అది ప్రొటీన్లకు అతుక్కుని వాటిని పాడుచేస్తుంది. అలా పాడైన ప్రొటీన్లు రక్తనాళాల గోడల్ని రేపుతాయి. గోడలు రేగితే అక్కడికి తెల్లకణాలు చేరతాయి, కొవ్వు చేరుతుంది, పూడిక మొదలవుతుంది. పెద్ద నాళాల్లో జరిగితే గుండెపోటు, పక్షవాతం. సన్నటి నాళాల్లో జరిగితే కన్ను, కిడ్నీ, నరం.

ఇందులో మనవాళ్ల వాటా కాస్త ఎక్కువే. లండన్‌లో ఉంటున్న భారత ఉపఖండం వారినీ, తెల్లవాళ్లనీ పోల్చిన 2001 అధ్యయనంలో ఆరోగ్యవంతులైన మనవాళ్లకే సీఆర్‌పీ 17 శాతం ఎక్కువుంది. కారణమూ అందులోనే తేలింది... బొజ్జ, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ కలిసి 'లాన్సెట్' పత్రికలో తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి ఎత్తూబరువుల నిష్పత్తి ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! 'మావాడు సన్నగానే ఉంటాడండీ, షుగరెందుకొచ్చిందో' అనే తల్లులకు ఈ ఒక్క ఫొటో చాలు. చెన్నైలో డాక్టర్ మోహన్ బృందం 2005లో వెలువరించిన ఫలితాల్లోనూ సీఆర్‌పీకి ఒంటి కొవ్వుతో, షుగరుతో, గుండెజబ్బుతో లంకె కనిపించింది. 2023లో ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్ల మంది. కాబట్టి ఇదేదో ప్రయోగశాలల గోల అని కొట్టిపారేయడానికి లేదు.

పొగను ఊదేస్తే మంట ఆరుతుందా?

సహజంగా వచ్చే ఆలోచన... సీఆర్‌పీని తగ్గించే మందు వేసుకుంటే సరి కదా! శాస్త్రవేత్తలకూ అదే ఆలోచన వచ్చింది. వచ్చిన జవాబులు మాత్రం చిత్రంగా ఉన్నాయి.

మొదట జన్యువులు చూశారు. పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువ తయారయ్యే జన్యువులు కొందరిలో ఉంటాయి. సీఆర్‌పీయే దోషి అయితే వాళ్లకు గుండెజబ్బులు ఎక్కువ రావాలి. రాలేదు. 2009లో, 2011లో వచ్చిన పెద్ద పెద్ద అధ్యయనాలు ఇదే తేల్చాయి. సీఆర్‌పీ నిప్పు కాదు, పొగ. నిప్పు ఇంకాస్త వెనకుంది... ఐఎల్-6 దగ్గర, దానికీ వెనక ఐఎల్-1బీటా దగ్గర.

అక్కడ నీళ్లు పోస్తే? 2017లో 'కాంటోస్' ఫలితాలొచ్చాయి. అంతకుముందు గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 దాటి ఉన్న 10,061 మందిలో కొందరికి ఐఎల్-1బీటాను అడ్డుకునే కెనకినుమాబ్ ఇంజెక్షన్ మూణ్నెల్లకోసారి ఇచ్చారు. కొలెస్ట్రాల్ ఏమాత్రం తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. వాపు ప్రక్రియను తగ్గిస్తే గుండెకు మేలేనని తొలిసారి రుజువైంది. ఇన్ఫెక్షన్లతో చనిపోయినవాళ్లు మాత్రం పెరిగారు. ఒంట్లో కాపలాను బలహీనపరిస్తే దొంగలు రారా మరి! మొత్తం మరణాల్లో తేడా లేదు. కొత్తగా షుగరు రావడమూ ఆగలేదు. హెచ్‌బీఏ1సీ మొదట్లో కొద్దిగా తగ్గి మళ్లీ మామూలైంది. గుండె రోగులకు వాడేందుకు అమెరికా నియంత్రణ సంస్థ 2018లో అనుమతి ఇవ్వలేదు.

మరుసటి ఏడాది వచ్చిన 'సీఐఆర్‌టీ' ప్రయోగంలో వాడిన మందుకి తెలుగువారితో సంబంధముంది. దాని పేరు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి సారథిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చిందే. ఇవాళ కీళ్లవాతం రోగులెందరికో అదే ఆధారం. గుండెజబ్బుతోపాటు షుగరు గానీ, దానికి దారితీసే లక్షణాలు గానీ ఉన్న 4,786 మందిపై దీన్ని చిన్న మోతాదులో పరీక్షించారు. సీఆర్‌పీ తగ్గలేదు. గుండెపోట్లూ తగ్గలేదు. వాపు తగ్గించే మందులన్నీ ఒకే తలుపు తట్టవన్నమాట.

గౌట్ నొప్పులకిచ్చే కోల్చిసిన్ అనే పాత, చవక మందు సంగతి ఇంకా తేలలేదనే చెప్పాలి. మన అడవినాభి దుంపలోనూ ఉండే పదార్థమే అది. 2019లో, 2020లో జరిగిన రెండు ప్రయోగాల్లో గుండె రోగులకు బాగానే మేలు చేసింది. 2023లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. 2024లో 7,062 మందిపై చేసిన 'క్లియర్' ప్రయోగంలో మాత్రం గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెడితే లాభమేమీ కనిపించలేదు. కిడ్నీలు దెబ్బతిన్న షుగరు రోగుల్లో ఈ మందు ఒంట్లో పేరుకుని విషమవుతుంది. కాబట్టి పక్కింటాయన గుండెకోసం వేసుకుంటున్నారని కొనుక్కుని మింగేది కాదు. నాటు వైద్యమని అడవినాభి జోలికైతే అసలే పోకూడదు, అది ప్రాణాంతకం.

మాంచెస్టర్ డాక్టరు మందు ఏమైందంటారా? దాని చుట్టమే అయిన సాల్సలేట్‌ని అమెరికాలో ఏడాదిపాటు పరీక్షించి 2013లో ఫలితాలిచ్చారు. హెచ్‌బీఏ1సీ 0.37 తగ్గింది. కానీ మూత్రంలో సుద్ద పెరిగింది. మందు ఆపాక అది తగ్గిందనుకోండి... అయినా షుగరు మందుగా అది నిలదొక్కుకోలేదు.

అన్నిటికంటే చేదు పాఠం బార్డాక్సలోన్‌ది. వాపు ప్రక్రియను తగ్గించి కిడ్నీలను కాపాడుతుందని ఆశపెట్టుకున్న మందు. వేసుకున్నవాళ్ల కిడ్నీ అంకెలు నిజంగానే మెరుగయ్యాయి. కానీ షుగరుతో కిడ్నీలు బాగా దెబ్బతిన్న 2,185 మందిపై ప్రయోగం జరుగుతుండగా మందు తీసుకుంటున్నవారిలో గుండె వైఫల్యం పెరిగింది. 2012 అక్టోబరులో మధ్యలోనే ఆపేశారు. రిపోర్టులో అంకె బాగుపడింది, మనిషి బాగుపడలేదు.

కిడ్నీ కబురు సుద్ద చెబుతుంది

షుగరున్న అందరికీ కిడ్నీలు పాడవవు. ఎవరికి పాడవుతాయో ముందే తెలిస్తే ఎంత బాగుండు! ఈ విషయంలో వాపు సూచికలు నిజంగా పనికొచ్చేలా ఉన్నాయి. బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రం 410 మంది టైప్-2 రోగుల్ని 8 నుంచి 12 ఏళ్లు గమనించింది. రక్తంలో టీఎన్‌ఎఫ్ గ్రాహకాలు ఎక్కువున్నవాళ్లే డయాలసిస్ దాకా వెళ్తున్నారని 2012లో చెప్పింది. 2019లో ఇలాంటి ప్రొటీన్లు 17 ఉన్నాయని జాబితా వేశారు. వీటిలో కొన్నింటిని కలిపి చేసే ఓ రక్తపరీక్షకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. చూడండి, ఈ జాబితాలో సీఆర్‌పీ లేదు! ఒంట్లో ఎక్కడో పొగ ఉందని చెప్పే సీఆర్‌పీ, ఏ గదిలో ఉందో చెప్పలేదు.

ఆ ఖరీదైన పరీక్ష మన వీధి ల్యాబుకి వచ్చేదాకా ఆగక్కర్లేదు. మూత్రంలో సుద్ద... అంటే ఆల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి చూసే పరీక్ష ఉంది. గ్రాముకి 30 మిల్లీగ్రాములు దాటితే కిడ్నీ జల్లెడకు రంధ్రాలు పడుతున్నట్టు అనుమానించాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఆ రోజు గట్టిగా వ్యాయామం చేయడం... వీటివల్లా పెరుగుతుంది. అందుకే మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేస్తే రెండుసార్లన్నా ఎక్కువొస్తేనే నిర్ధారిస్తారు. దీంతోపాటు రక్తంలో క్రియాటినిన్ చూసి కిడ్నీ వడపోత లెక్కకడతారు. పది పేజీల ప్యాకేజీల్లో కొన్నిసార్లు ఈ సుద్ద పరీక్షే ఉండదు. డబ్బు కట్టేముందు అడిగి చూడాల్సింది దీని గురించే.

కంటి సంగతీ అంతే. రెటీనా దెబ్బతినడంలో వాపు పాత్ర ఉంది. అందుకే కొందరికి కంటిలోనే స్టెరాయిడ్ పెడతారు. కానీ లోపలేం జరుగుతోందో చేతి నరంలోంచి తీసిన రక్తం చెప్పలేదు. ఏడాదికోసారి కంటిపాప పెద్దదిచేసి చూడాల్సిందే.

అంకె చూసే ముందు...

సీఆర్‌పీ ఎందుకూ కొరగాదని కాదు. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో 27,939 మంది అమెరికా మహిళల్ని 30 ఏళ్లు గమనించారు. ఎప్పుడో ఒక్కసారి చూసిన సీఆర్‌పీ, చెడు కొలెస్ట్రాల్ కంటే మెరుగ్గా గుండె ముప్పును చెప్పింది. 2025లో అమెరికా గుండె వైద్యుల సంఘం దీన్ని అందరికీ చేయడం మంచిదని సూచించింది. అమెరికా డయాబెటిస్ సంఘం మాత్రం షుగరు రోగులకు క్రమం తప్పకుండా చేయాల్సిన పరీక్షల్లో దీన్ని చేర్చలేదు. షుగరున్న మనిషికి గుండె ముప్పు ఎలాగూ ఉందనే లెక్క. నలభై దాటితే చాలామందికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఎలాగూ ఇస్తారు. కాబట్టి స్టాటిన్ వద్దని మొరాయించే పెద్దాయనను ఒప్పించడానికి పనికొస్తే రావచ్చేమో గానీ, నెలనెలా చేయించుకోవాల్సిన పరీక్షయితే కాదు.

చేయించుకున్నా... జలుబు, జ్వరం, పంటి నొప్పి, దెబ్బ, టీకా, ఈమధ్యే తగ్గిన చికున్‌గున్యా లాంటివేవీ లేనప్పుడు చేయించుకోవాలి. రెండు వారాల తేడాతో రెండుసార్లు చేసి సగటు చూడాలి. కొన్ని ల్యాబులు లీటరుకి కాకుండా డెసిలీటరుకి లెక్కిస్తాయి. అప్పుడు 0.5 అన్నా 5 అన్నా ఒకటే! ఈ తేడా చూడక పాత రిపోర్టుతో కొత్తది పోల్చి 'పది రెట్లు పెరిగిపోయింది' అని బెంబేలెత్తేవాళ్లూ ఉంటారు.

ఫెర్రిటిన్ దగ్గర ఇంకో చిక్కుంది. అది ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే పరీక్ష. వాపు ప్రక్రియ ఉంటే అదీ పెరుగుతుంది. అంటే ఇనుము తక్కువున్న గృహిణికి కూడా రిపోర్టులో అంతా బాగున్నట్టే కనిపించొచ్చు. మరోవైపు ఇనుము లోపం వల్ల హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశముంది. ఇంట్లో పరీక్షలో చక్కెర బాగానే ఉండి, మూణ్నెల్ల సగటు మాత్రం ఎక్కువొస్తుంటే హిమోగ్లోబిన్ సంగతి డాక్టర్ని అడగడం మంచిది. మన ఇళ్లలో ఆడవాళ్ల రక్తహీనత ఎంత మామూలో తెలిసిందేగా.

నిప్పు తగ్గించే దారులు అందరికీ తెలిసినవే. నడుము చుట్టుకొలత తగ్గడం, నడక, చుట్టా బీడీ సిగరెట్ మానడం. స్టాటిన్లూ సీఆర్‌పీని తగ్గిస్తాయి. కొత్తగా వచ్చిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ కూడా. షుగరూ కిడ్నీ జబ్బూ కలిసి ఉన్న 3,533 మందిపై చేసిన ప్రయోగంలో ఆ ఇంజెక్షన్ తీవ్ర కిడ్నీ సమస్యలు, గుండెజబ్బు మరణాలు కలిపి 24 శాతం తగ్గించిందని 2024లో తేలింది. ఎవరూ పట్టించుకోనిది చిగుళ్లు. బ్రష్ చేస్తుంటే రక్తం రావడం, పళ్లు కదలడం... ఇవన్నీ వయసుతోపాటు వచ్చేవేనని సరిపెట్టుకుంటారు. చిగుళ్లలో ఎడతెగని వాపు కూడా రక్తంలోకి నిప్పు పంపుతుంది. వాటిని శుభ్రం చేయిస్తే మూణ్నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 తగ్గుతుందని 2022లో పరిశోధనలన్నీ క్రోడీకరించి లెక్కతేల్చారు. కొన్ని షుగరు మాత్రలు తెచ్చే మార్పుకి అదేమంత దూరం కాదు!

డెన్మార్క్‌లోని స్టెనో కేంద్రం మధుమేహంతోపాటు మూత్రంలో సుద్ద మొదలైన 160 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకి మామూలు వైద్యం. రెండో జట్టుకి చక్కెర, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, వ్యాయామం, పొగ మానడం... అన్నీ ఒకేసారి గట్టిగా పట్టించుకున్నారు. 2003 నాటికి రెండో జట్టులో గుండెపోట్లు, పక్షవాతాల ముప్పు సగానికి తగ్గింది. 2016లో మళ్లీ లెక్కచూస్తే వాళ్లు సుమారు 7.9 ఏళ్లు ఎక్కువ బతికారు. వాపుని అణచే ప్రత్యేక మందేదీ అందులో లేదు.

కాలి పుండు దగ్గర మాత్రం...

ఇన్ని 'కానీ'ల తర్వాత, ఈ పరీక్షలు నిస్సందేహంగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది. అది కాలు.

షుగరుతో నరాలు మొద్దుబారినవాళ్లకు నొప్పి తెలియదు. ఎండాకాలం గుడి ప్రాకారంలో రాళ్ల మీద ప్రదక్షిణ చేసి ఇంటికొచ్చాక అరికాలి బొబ్బలు చూసుకునేవాళ్లున్నారు. కొత్త చెప్పు కరిచినా, మెట్టె ఒరుసుకున్నా, గోరు తీసేటప్పుడు తెగినా తెలియదు. పసుపు రాసి ఊరుకుంటారు. పైన పుండు చిన్నదే. లోపల ఎముకకు చీము పట్టిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పడితే వేలు, ఆలస్యమైతే పాదం.

ఇక్కడ ఆ పాత గొట్టం, ఈఎస్‌ఆర్, పనికొస్తుంది. పాదం మీద పుండున్న షుగరు రోగికి అది గంటకి 70 దాటితే ఎముక ఇన్ఫెక్షన్ అనుమానం బలపడుతుంది. అప్పుడు ఎక్స్‌రే, అవసరమైతే ఎమ్మారై తీస్తారు. పుండులోకి సన్నటి శుభ్రమైన కడ్డీ పెట్టి గట్టిగా ఎముక తగులుతోందా అనీ చూస్తారు. సీఆర్‌పీ కూడా తోడుంటే చికిత్స పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

అయితే రక్తహీనత ఉన్నా, కిడ్నీలు దెబ్బతిన్నా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. షుగరు రోగుల్లో ఈ రెండూ తరచూ ఉండేవే. దీనికి తిరగబడే సంగతి మరింత ముఖ్యం. పాదంలో తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా దాదాపు సగం మందిలో తెల్లకణాల సంఖ్య మామూలుగానే ఉంటుంది. జ్వరమూ రాకపోవచ్చు. 'రక్తపరీక్ష బాగానే ఉంది కదా' అని ఎర్రబడిన పాదంతో వారం రోజులు ఇంట్లో కూర్చుంటే ఆ వారమే కాలిని పోగొడుతుంది. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, వాసనొస్తున్నా, వేలు నల్లబడుతున్నా రిపోర్టు కోసం ఆగకుండా ఆస్పత్రికెళ్లాలి.

చికిత్స మొదలయ్యాక రెండు అంకెలూ ఒకే తీరున నడవవు. యాంటీబయాటిక్ పట్టిందంటే సీఆర్‌పీ కొద్దిరోజుల్లోనే పడిపోతుంది. ఈఎస్‌ఆర్ నిదానం. పుండు మానుతున్నా అది దిగడానికి వారాలు పడుతుంది. ఎముకకు పాకితే మందులు సాధారణంగా ఆరువారాలు వాడాలి. మూడోవారంలో ఈఎస్‌ఆర్ ఇంకా 60 దగ్గరే ఉందని మందు మార్చమనీ, పుండు పైకి ఎండింది కాబట్టి ఆపేస్తామనీ అడిగేవాళ్లు ఇద్దరూ ఉంటారు. ఏది చేయాలన్నా డాక్టరు పాదాన్ని మళ్లీ చూశాకే.